మబేలాలో నేను పెంచిన కలుపు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కలుపు తీయడమే పని. మాది కడప జిల్లాలో మెట్ట ఊరు. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే ఏమీ లేదు. బడి లేని రోజు అమ్మ వెంట చేనికి పోవాల్సిందే. గెనిమ గట్టు మీద ఊరికే కూర్చుంటానంటే కుదరదు, చేతిలో కలుపు తీసే తొలిక పెట్టి సాలులోకి తోసేది. వెంపలి, నేలతంగేడు, కొండపిండి అని పేర్లు నేర్చుకున్నది వాటిని పెరకడానికే తప్ప ముద్దు చేయడానికి కాదు. వెంపలి ఎంత మొండిదంటే పైన జానెడు కనిపిస్తే కింద మూరెడు వేరు ఉంటుంది. అది సగంలో తెగితే అమ్మ వీపు మీద ఒకటి వేసి, "వేరు ఇడిసిపెడితే మళ్లా నువ్వే పెరకాల" అనేది.

అలాంటి నేను ఒమాన్ వచ్చి, మస్కట్ పక్క మబేలాలో ఒక ఇంటి గోడ పక్కన, కలుపు పెంచాను. విత్తనం వేసి, ఎండకు గోనెపట్ట కప్పి మరీ పెంచాను. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెనకాలే ఏడుపూ వస్తుంది.

ఇంటి పనికి వచ్చిన మాలాంటి వాళ్లం ఇక్కడ యజమానిని బాబా అంటాం, ఆయన భార్యను మామా అంటాం. ఆడమనిషిని మామా అనడానికి మొదట్లో నా నోరు తిరగలేదు. ఊరికి ఫోన్ చేసి "ఈ పొద్దు మామ తిట్టింది" అంటే మా అక్క పడీపడీ నవ్వింది. బాబా తల్లి పెద్దమామ. నేను రాస్తున్నది ఆమె గురించి.

పెద్దమామది ఇబ్రా అవతల కొండల్లో ఊరు. ఆమె, ఆమె భర్త బతుకంతా తేనెటీగలు పెంచినవాళ్లు. ఖర్జూరం మొద్దును లోపల తొలిచి, రెండు వైపులా మూతలు బిగించి, ఒక మూతకు వేలు పట్టేంత సందు ఉంచుతారు. అదే తేనెటీగలకు ఇల్లు. ఊళ్లో గోడవారన అలాంటి మొద్దులు వరసగా ఉండేవట. వానలు తప్పిపోయి ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేటప్పుడు ఆమె మిగిలిన ఒక్క మొద్దును వెంట తెచ్చుకుంది. బట్టల పెట్టె కంటే ముందు దాన్నే కారులోంచి దింపించింది. గుడ్డ చుట్టిన ఆ మొద్దు లోపల గుయ్యిమంటుంటే, నేను నాలుగడుగులు వెనక్కి వేసి "దేవుడా, ఇదేం ఇల్లురా నాయనా" అనుకున్నాను.

మొద్దును ప్రహరీ బయట, గోడకూ రోడ్డుకూ నడుమ ఉన్న ఖాళీ జాగాలో నీడ పట్టున రాళ్ల మీద పెట్టారు. ఆ జాగా మీద బాబాకు ముందు నుంచీ కన్నుంది. అక్కడ ఇంటర్‌లాక్ బిళ్లలు పరిపించి, పైన రేకు వేసి, రెండో కారు పెట్టుకోవాలని ఆయన ఆశ. చుట్టూ అందరి ఇళ్ల ముందూ అట్లే ఉంటుంది, ఆయనదేం తప్పు? తల్లి మొహం చూసి ఆగాడు. "ఈగలు ఉన్నన్నాళ్లు జాగా నీదేనమ్మా. అవి పోతే మాత్రం నాకిచ్చెయ్" అన్నాడు. పెద్దమామ సరేనంది. ఒక మాట అంటే అంతే, తల్లీ కొడుకులిద్దరూ ఒకటే రకం.

అయితే మబేలాలో తేనెటీగకు తిండేది? ఎటు చూసినా ఇళ్లు, దుకాణాలు, సగం కట్టిన ఇళ్లు, సిమెంటు దుమ్ము. గోడల మీద కాగితం పూలు ఎర్రగా విరగబూస్తాయి, పెద్దమామ వాటిని చూసి మొహం తిప్పుకునేది, వాటి మీద ఈగ వాలదని. పచ్చగడ్డి పరిచి పొద్దుకు రెండు మాట్లు నీళ్లు కొట్టే ఇళ్లున్నాయి, ఆ గడ్డికి పువ్వే లేదు. మా ఈగలు పొయ్యి పొయ్యి పక్కింటి ఏసీ కారే నీళ్ల దగ్గర గుమిగూడేవి. పక్కింటామె గొడవకొచ్చేది. మొద్దు పక్కన పీట వేసుకుని కూర్చున్న పెద్దమామ, లోపలి చప్పుడు రోజురోజుకూ సన్నబడుతోందని నాతో చెప్పి చెప్పి బాధపడేది.

ఒక సాయంత్రం నన్ను పిలిచి, "బింతీ, ఇక్కడ నీళ్లు అడగని మొక్కలు వేద్దాం" అంది. బింతీ అంటే బిడ్డా అని. ఆమెది కొండల అరబ్బీ, నాది వంటింటి అరబ్బీ. తే, కడుగు, ఉడికిందా, అయిపోయింది, రేపు, ఇట్లాంటి మాటలే నాకు వచ్చేది. మిగిలింది చేతులతో, కళ్లతో మాట్లాడుకునేవాళ్లం. ఇక్కడ నేను దాన్నంతా తెలుగులో రాస్తున్నాను గానీ అప్పుడు అంత సాఫీగా ఏమీ సాగలేదు.

చలికాలంలో వాళ్ల ఊరి వైపు పోయినప్పుడు దారిలో ఒక వాదీ దగ్గర కారు ఆపించింది. వాదీ అంటే మన వంకే, వాన వస్తే పారుతుంది, లేకపోతే గులకరాళ్లు. నన్ను దింపి, కర్రతో ఒక మొక్కను చూపించి, కాయలు కోయమంది. చూద్దును గదా, వెంపలి! ఆకు కాస్త వెండిరంగు తిరిగింది గానీ అచ్చం మన వెంపలే, ఊదారంగు పువ్వుతో సహా. ఓసినీ, నువ్వు ఇక్కడ గూడా ఉండావా అనుకున్నాను. దాని పక్కనే నేలతంగేడు. కాస్త పైన, మన కొండపిండికి పెద్దక్కలాగా, తెల్లటి దూది కంకులతో ఇంకొకటి. గట్టున రేగుచెట్టు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. కలుపు పెరకలేక ఊరొదిలి వస్తే ఇక్కడ కలుపు విత్తనాలు ఏరమంటోంది ఈ మహాతల్లి! కారులో బాబా కూడా నవ్వాడు. పెద్దమామ ఎవరినీ పట్టించుకోలేదు, నా చున్నీ కొంగు నిండేదాకా కోయించింది.

ఆ గింజల్ని మొద్దు చుట్టూ వేశాం. మొదటి ఏడు ఏమీ కనిపించలేదు. కనిపించలేదంటే నాలుగాకులు లేచి అట్లే నిలబడిపోయాయి. నేను ఒక బకెట్టు ఎక్కువ పోయబోతే పెద్దమామ కర్ర అడ్డం పెట్టేది. నీళ్లు పైన దొరికితే వేరు కిందికి ఎందుకు పోతుంది, దాన్ని వెతుక్కోనీ అని ఆమె లెక్క. మండుటెండల్లో అన్నీ ఎండి పుల్లలైపోయాయి. బాబా వచ్చి చూసి లోపలికి పోయాడు. నాకు మాత్రం ఆ పుల్లల్ని చూస్తే మా చేను ఎండిన ఏడు గుర్తొచ్చేది. పెద్దమామ ఒక పుల్లను గోటితో గీకి, లోపలి పచ్చదనం చూపించి, "సబర్" అనేది. ఓర్పు పట్టు అని. నా దగ్గర లేనిదే అది.

ఎండ తగ్గాక ఆ పుల్లల మొదట్లోంచి చిగుర్లు వచ్చాయి. రెండో చలికాలానికి పూలు. ఆ సంబడం నేనేమని చెప్పేది! వెంపలి నిండా ఊదా పూలు, నేలతంగేడు పసుపు, దూది కంకుల మీద రకరకాల చిన్న ఈగలు. మొద్దు సందులోంచి ఈగలు వరసగా బయటికి పోవడం, కాళ్లకు పుప్పొడి పూసుకుని రావడం. తేనెపిట్ట వచ్చి గోడ మూలన దానంతటదే మొలిచిన జిల్లేడు పూల మీద తలకిందులుగా వేలాడేది. గువ్వలు కింద రాలిన గింజలు ఏరుకునేవి. కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంటే నేను పని మానేసి దండం పెట్టుకునేదాన్ని. ఒక పచ్చ పిట్ట మాత్రం ఈగల్ని గాల్లోనే పట్టి మింగేది. పెద్దమామ దాన్ని తిట్టే తిట్లు నాకు ఒక్కటీ అర్థమయ్యేవి కావు. "నేర్పించు పెద్దమామా, నాక్కూడా అవసరానికి వస్తాయి" అంటే నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆమె ఆరోగ్యం కూడా అప్పుడే కుదుటపడింది. పొద్దున లేవడమే మొద్దు దగ్గరికి. చెవి ఆనించి విని, తలాడించి, అప్పుడు కాఫీ. చప్పుడు బాగుంటే ఆ రోజు ఇంట్లో అందరికీ మంచి రోజు. అమ్మ నవ్వుతోందని బాబా కూడా ఇంటర్‌లాక్ మాట ఎత్తడం మానేశాడు.

అప్పుడే పక్క జాగాలో ఇల్లు కట్టడం మొదలైంది. పని చేసేవాళ్లంతా తెలుగువాళ్లు. మొదటి రోజు గోడ అవతల నుంచి "ఓ తమ్మీ, గా తట్ట ఇటు తేరా" అని వినిపించేసరికి నాకు చేతిలో చీపురు జారిపోయింది. అన్నాళ్లూ తెలుగు ఫోన్లోనే విన్నదాన్ని. పెద్దమేస్త్రి అని ఒకాయన, నా తమ్ముడి వయసుంటుంది, గోడ దగ్గరికి వచ్చి పలకరించాడు.

"మనోళ్లేనా అక్కా? ఏ ఊరు మీది?"

"కడపబ్బా."

"అబ్బో, దూరమే. మాది జగిత్యాల దిక్కు. అయినా ఈడికొచ్చినంక కడప ఏంది, జగిత్యాల ఏంది!"

ఆ రోజు నుంచి వాళ్లకు నేను అక్కను. మధ్యాహ్నం ఎండకు వాళ్లు గోడ నీడన పడుకుంటే చల్లటి మజ్జిగ పోసేదాన్ని. పెద్దమామే పోయమనేది. ఒక్కో రోజు ఇంత పచ్చడి, ఇంత పప్పు. వాళ్ల రూమ్‌లో ఎవరికి ఏం వండడం వచ్చో, ఎవరి సెలవు ఎప్పుడో అన్నీ నాకు తెలుసు. వాళ్లకేమన్నా చేసి పెట్టాలంటే నాకు ఓపిక ఎక్కడి నుంచో వచ్చేది.

ఒక రోజు మేస్త్రి మొద్దు పక్కన నిలబడి నా మొక్కల్ని ఎగాదిగా చూశాడు. అవి ఎండల తర్వాత అప్పుడప్పుడే పచ్చబడుతున్నాయి, కొన్నిటికి మొగ్గ కట్టింది.

"ఇదేందక్కా, మంచిగ పెంచుతున్నట్టున్నవ్?"

ఇప్పుడు మీరు చెప్పండి, మన దగ్గర ఎవరైనా ఏమంటారు? పిల్లోడు బొద్దుగా ఉంటే ఏం తినడం లేదంటాం. చేను బాగుంటే ఏముందిలే, పోయిందంటాం. బాగుందని నోటితో అన్నామంటే దిష్టి తగలడానికి క్షణం పట్టదు. మా అమ్మ అంతే, ఆమె అమ్మ అంతే. నా నోటికి వచ్చింది నేనూ అన్నాను.

"ఏం పెంచడంలేబ్బా! అంతా కలుపు. పెరికేకి తీరక అట్ల ఇడిసిపెట్నా. దీంతో చస్తాండా."

అని, పక్కకు తిరిగి తూ తూ అని కూడా ఉమ్మేశాను, దిష్టి తగలకూడదని.

ఆ శుక్రవారం ఇంట్లో చుట్టాలు. పెద్ద తట్టలో అన్నం, మాంసం, పొద్దున్నుంచీ వంటింట్లోంచి తల బయట పెట్టడానికి లేదు. మిక్సీ, పొయ్యి మీద చప్పుడు, పిల్లల గోల. పెద్దమామ లోపల ఆడవాళ్ల నడుమ కూర్చుంది. చెత్త సంచి బయట పడేయడానికి గేటు తీశాను.

నేల బోడిగా ఉంది. శుభ్రంగా, చీపురుతో ఊడ్చి, నీళ్లు చల్లిన వాకిలిలాగా ఉంది. రోడ్డు పక్కన కుప్ప. ఊదా మొగ్గలు, పసుపు మొగ్గలు, దూది కంకులు, పైకి తేలిన వేర్లు, ఒక్కోటి నా చేయంత పొడుగు. గోడ మూల జిల్లేడు కూడా లేదు. మోకాలెత్తు రేగుమొక్క కూడా లేదు. గడ్డపారలు పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు, ఒళ్లంతా చెమట. మేస్త్రికి ఈగ కుట్టి ఒక కన్ను మూసుకుపోయింది. ఆ ఒంటికన్నుతోనే నవ్వుతున్నాడు.

"అక్కా, దా, ఓపాలి జూడు! పొద్దుగాల్నే మొదలువెట్టినం. నువ్వు ఒక్కదానివి ఎన్నని జేస్తవ్? గింత గరిక సుత ఉంచలే. అన్నీ ఏర్లతోని తీసినం, ఇగ మళ్ల మొల్వది."

ఇంకొకాయన, "ఈగల మొద్దును ముట్టలే అక్కా, అది పెద్దమ్మది గద" అన్నాడు.

వారానికి వాళ్లకు ఉండేది ఆ ఒక్క పూట. బట్టలుతుక్కోవాలి, ఊరికి ఫోన్లు చేసుకోవాలి, కాస్త నడుం వాల్చాలి. అది మానుకుని, ఎండలో, నాకోసం. నాకు అరవాలని ఉంది. వాళ్ల చెంపలు వాయించాలని ఉంది. కాళ్ల మీద పడి ఏడవాలని కూడా ఉంది. ఏదీ చేయలేదు. చెత్త సంచి పట్టుకుని అట్లే నిలబడ్డాను. "ఏమైందక్కా, గట్ల నిలవడ్డవ్?" అంటే, "ఏం లేదబ్బా" అన్నాను.

వెనకాల కర్ర చప్పుడు. పెద్దమామ వచ్చింది. నేలను చూసింది, కుప్పను చూసింది, వాళ్ల గడ్డపారల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చేయించాననుకుందో ఏమో. "నేను చెప్పలేదు పెద్దమామా" అన్నాను. అంతవరకే వచ్చు నాకు. మన వాళ్లు బాగున్నదాన్ని బాగుందని చెప్పరు, చెడ్డదని చెబుతారు, వీళ్లు దాన్ని నిజమనుకున్నారు, ఇదంతా ఏ అరబ్బీలో చెప్పను? తే, కడుగు, ఉడికిందా, ఈ మాటలతో ఎట్లా చెప్పను? చేతులు తిప్పాను, నోరు తెరిచాను, మూశాను.

ఆమె నన్నేమీ అడగలేదు. వాళ్లను గోడ నీడన చాప మీద కూర్చోబెట్టమంది. ఖర్జూరాలు తెప్పించింది. తన చేత్తో చిన్న గిన్నెల్లో కాఫీ పోసి ఒక్కొక్కరికీ ఇచ్చింది. మేస్త్రికి కన్ను మీద పెట్టుకోమని మంచు ముక్క ఇప్పించింది. "ముసలామె మస్తు మంచిది అక్కా" అంటూ వాళ్లు రెండు గిన్నెలు తాగి వెళ్లిపోయారు. నేను ఆ కుప్ప పక్కన కూలబడ్డాను.

"వాళ్లకు చెప్పొద్దు" అంది పెద్దమామ. "అడక్కుండా వచ్చి నా ఇంటి ముందు చెమట కార్చారు. నా కాఫీ తాగారు. నా కాఫీ తాగినవాడి చేతిని నేను తప్పు పట్టను, నువ్వూ పట్టొద్దు. చెబితే ఐబ్." ఐబ్ అంటే సిగ్గుమాలిన పని. ఆ మాట ఆ ఇంట్లో దాటరాని గీత. నేను తలాడించాను.

సాయంత్రం చుట్టాలు పోయాక ఆ కుప్పలోంచి కాస్త పచ్చగా ఉన్నవి ఏరి, గుంతలు తీసి మళ్లీ నాటాను. పెద్దమామ పీట మీద కూర్చుని చూస్తోంది, వద్దనలేదు, ఔననలేదు. వేరుతో సహా పెరికిన వెంపలి మళ్లీ నాటినా బతకదని మా ఇద్దరికీ తెలుసు. అందుకే కదా అమ్మ దాన్ని తెగ్గొట్టకుండా పెరకమన్నది, నేలలో వేరు మిగిలితే బతుకుతుందని. ఇక్కడ వేరన్నదే మిగల్చలేదు పుణ్యాత్ములు. తడి గోనెలు కప్పాను, పొద్దూ మాపూ నీళ్లు పోశాను. ఈసారి పెద్దమామ కర్ర అడ్డం పెట్టలేదు. అన్నీ వాడి, నల్లబడి, విరిగిపోయాయి. అప్పట్లో మిగిలితే మూటకట్టి దాచిన గింజలు చల్లితే ఒక్కటీ లేవలేదు. లేచినా ఏం లాభం, పువ్వు పూయడానికి దానికి ఇంకో ఏడు కావాలి. ఈగకు ఆకలి ఈ పొద్దుదే.

చక్కెర నీళ్లు కలిపి పళ్లెంలో పోసి, మునిగి చావకుండా పుల్లలు వేసి పెట్టాం. తాగాయి కొన్నాళ్లు. పుప్పొడి లేకుండా పిల్లలకేం పెడతాయి? గోడ అవతల మేస్త్రి వాళ్లు పని చేసుకుంటూ, "అక్కా, కలుపు మొలిచిందా?" అని అడిగేవాళ్లు. "లేదబ్బా" అనేదాన్ని. "జెప్పలే!" అని సంతోషపడేవాళ్లు. మజ్జిగ మాత్రం పోస్తూనే ఉన్నాను. పోస్తున్నంతసేపూ ఒళ్లు మండేది, వాళ్ల ఎండిన పెదాలు చూస్తే మళ్లీ చల్లబడేది. ఇదేం బతుకో నాకు అర్థం కాలేదు.

ఒక పొద్దున పెద్దమామ మొద్దుకు చెవి ఆనించి చాలాసేపు వంగే ఉంది. లేవకపోతే నడుం పట్టిందేమోనని దగ్గరికి పోయాను. నన్ను కూడా వినమంది. ఏమీ లేదు. లోపల ఎవరూ లేని ఇంట్లో ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చచ్చిపోలేదు, ఒక్క ఈగ కూడా కింద పడి లేదు. తిండి లేని చోట ఉండలేక ఎటో లేచిపోయాయి. పెద్దమామ గుడ్డ తెచ్చి మొద్దుకు చుట్టింది. సాయంత్రం తనే కొడుకును పిలిచి, "జాగా నీదిరా" అంది. ఆయన వెంటనే సరేననలేదు, పాపం. ఇంకో మొద్దు తెప్పిస్తానన్నాడు. "ఏం పెట్టి పెంచను?" అని ఆమె అడిగింది.

ఇంటర్‌లాక్ పనికి బాబా ఎవరిని పిలిచాడనుకున్నారు? ఆ మేస్త్రినే. అడక్కుండానే జాగా అంత సాఫ్‌గా చేశాడు, పనిమంతుడు అని ఆయనకు గురి. మేస్త్రి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నీ పుణ్యమాని కంపెనీది గాక బయట పని దొరికింది!" అన్నాడు. నేను లోపలికి పోయి గిన్నెలు తోమాను, తోమినవే మళ్లీ తోమాను.

నేల చదును చేశారు, ఇసుక పోశారు, దారం కట్టారు. ఎర్ర బిళ్లలు ఒకదాని పక్కన ఒకటి కూర్చోబెడుతూ గోడ వైపుకు వచ్చారు. అప్పుడు పెద్దమామ బయటికి వచ్చి, మొద్దు ఉండిన చోట ఇసుక మీద కర్రతో చిన్న సున్నా గీసింది. "ఇంత వదలమని చెప్పు. ఒక్క మొక్క లేస్తే చాలు" అంది. ఆ ఒక్క మొక్కతో ఏమవుతుందని అడగడానికి నాకు నోరు రాలేదు.

నేను చెప్పాను. మేస్త్రి నవ్వాడు.

"వద్దక్కా. పెద్దమ్మకు తెల్వదు. గింత సందు ఇడిసినమనుకో, ఆన్నుంచే కలుపు మొలుస్తది. మళ్ల నీకే కష్టం."

అంతే. అన్నాళ్లూ పళ్ల బిగువున పట్టుకున్నది తెగిపోయింది.

"అది కలుపు కాదు సామీ! కలుపు కాదు! మేం పెంచుకున్న చెట్లబ్బా అవి! ఈగల కోసం ఏండ్ల తరబడి పెంచితిమి. మీరు ఒక్క పూటలో పెరికేస్తిరి. ఈగలు ల్యాకుండా పాయ. ముసిలామె పానం అంతా వాటి మీదనే ఉండె!"

మేస్త్రి చేతిలో బిళ్ల చేతిలోనే ఉండిపోయింది. "మరి ఆ పొద్దు గట్లెందుకన్నవ్ అక్కా?" అన్నాడు చిన్నగా.

"దిష్టి తగుల్తాదని."

అతనికి విడమరిచి చెప్పాల్సిన పనే లేకపోయింది. "మా అమ్మ సుత గంతే. బర్రె మంచిగ పాలిస్తుంటే ఎండిపోయిందనే జెప్తది" అని తల వంచుకున్నాడు. పెద్దమామ గీసిన సున్నా చుట్టూ బిళ్లల్ని జాగ్రత్తగా సర్ది, ఆ చోటు వదిలి పని ముగించాడు. చెప్పి నేనేం బావుకున్నాను? ఆ రోజు వరకు కనీసం అతనొక్కడన్నా సంతోషంగా ఉండేవాడు.

సాయంత్రం బాబా వచ్చి చూశాడు. కారు చక్రం సరిగ్గా అక్కడే దిగుతుంది. మేస్త్రికి ఫోన్ చేసి, పొద్దున్నే వచ్చి అది పూర్తి చెయ్యమన్నాడు. పెద్దమామ అడ్డం పడలేదు, జాగా ఇచ్చేశానని మాట అన్నాక ఆమె మళ్లీ అడగదు. నేను అడగడానికి ఎవర్ని?

పొద్దున మేస్త్రి ఒక్కడే వచ్చాడు, ఒకే ఒక బిళ్ల, కాస్త ఇసుక పట్టుకుని. గేటు దగ్గర పీట మీద పెద్దమామ కూర్చుని ఉంది. అతను నేరుగా ఆమె ముందుకు పోయి, బిళ్ల కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, మోకాళ్ల మీద వంగి నేలకు తల ఆనించాడు. కళ్లలో నీళ్లు. ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అతన్ని కాదు, నన్ను చూసింది.

"చెప్పావా?"

నేను తలాడించాను.

"చెప్పొద్దన్నానా లేదా? నా వాకిట్లో నా కాఫీ తాగినవాడిని నా ముందే నేలకు వంచావు."

మొక్కలు పోయిన రోజు నన్ను ఒక్క మాట అనని మనిషి, ఈగలు పోయిన రోజు అనని మనిషి, ఆ రోజు అంది. బింతీ అనలేదు. కర్ర పట్టుకుని లేచి, నేను చేయి ఇవ్వబోతే పక్కకు నెట్టి, తనంతట తానే మెట్లెక్కి లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. నేను ఎవరి మంచి కోరి ఏం చేశానో, ఎవరు నా మంచి కోరి ఏం చేశారో తలచుకుంటూ ఆ గేటు దగ్గర నిలబడితే నాకు ఏడుపు కూడా రాలేదు.

మేస్త్రి లేచి నా వైపు చూడకుండా గోడ దగ్గరికి పోయాడు. అక్కా అని పిలవలేదు. ఆ సున్నాలో ఇసుక పోసి, చేత్తో చదును చేసి, బిళ్ల పెట్టి, రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టాడు. పక్క బిళ్లలతో మట్టం కలిసిందో లేదో అరచేత్తో తడిమి చూశాడు. కలిసింది.